అడగకుండా రావలసిన వాటా

(విజయనగరంలో చేసిన గురజాడ స్మారకోపన్యాసం పాఠం)



గురజాడ వారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు ముందు వద్దన్నాను. నేను సాహిత్యం మనిషిని కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా శ్రీకాకుళం కోర్టుల్లో భాగాల దావాలు నడుపుతున్న వకీలును. నాకు బాగా వచ్చిన తెలుగు వాది, ప్రతివాది, షెడ్యూలు ఆస్తి, హద్దులు, అంతే. ఆ రాత్రి ఇంటికెళ్ళి ‘కన్యాశుల్కం’ తీశాను. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు ఆయన రాసుకున్న పీఠికలో ఒక లెక్క ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల జాబితాను విజయనగరం మహారాజు ఆనంద గజపతివారు తయారు చేయించారు. మూడేళ్ళ కాలానికి 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. అంత నవ్వించే నాటకానికి ముందు ఈ అంకెలు పెట్టిన మనిషి పేరున నాలాంటిది మాట్లాడవచ్చు అనిపించింది.

ఆయన గురించి అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఆనంద గజపతి మహారాజు 1897లో సంతానం లేకుండా పోయారు. ఆ తరువాత గురజాడ, రాజావారి తోబుట్టువైన రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా ఉండి, సంస్థానం వారసత్వ దావా పని ఏళ్ళ తరబడి చూశారు. దత్తత చెల్లుతుందా, దాయాదులకు హక్కుందా అన్నది తగవు. రాజుతో పుట్టిన మనిషి కళ్ళెదుట ఉంది. అయినా సంస్థానానికి వారసుణ్ణి దత్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ దావా కాగితాల మధ్య కూర్చుని గురజాడ ఏమనుకున్నారో నేను ఊహించను. ఆయన బల్ల మీది కాగితాలూ నా బల్ల మీది కాగితాలూ ఒక్క జాతివే. అందుకే వచ్చాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. ఊరోళ్ళ దావాలన్నీ చెప్పి నా దావా దాచుకోవడం న్యాయం కాదు.

మాది వంశధార ఒడ్డున ఒక ఊరు. కాలువ కింద ఆరెకరాల పల్లం, తాతల నాటిది. మేం ముగ్గురం. అప్ప (మా వైపు అక్కను అలాగే పిలుస్తాం), నేను, తమ్ముడు. అప్ప పెళ్ళి 1985 వైశాఖంలో అయింది. నా పెళ్ళి 1988 మాఘంలో. ఈ రెండు పెళ్ళిళ్ళ మధ్య 1985 సెప్టెంబరు 5 వచ్చింది.

ఆ తేదీ ఏమిటో ఇక్కడున్న వకీళ్ళకు తెలుసు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వం 1956 నాటి హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించింది. 1986లో 13వ నంబరు చట్టంగా వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు అన్నది. అంతకు పదేళ్ళ ముందు కేరళ అసలు ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసింది. ఉమ్మడిని ఉంచి అందులో కూతుర్ని కూర్చోబెట్టిన మొదటి రాష్ట్రం మనది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనక నడిచాయి. దేశం మొత్తానికి అదే హక్కు రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. దానికి దారి వేసిన 174వ లా కమిషన్ నివేదిక ఇచ్చిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారూ తెలుగువారే. ఇవన్నీ గర్వంగా చెప్పుకోవలసినవే, చెప్పుకుంటాను కూడా.

కానీ 1985 సవరణలో ఒక షరతు ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతురికి ఈ హక్కు లేదు. మా నాన్న 1996లో పోయారు. చట్టం ప్రకారం ఆ రోజు మా ఆరెకరాలు ఎలా పంచాలో వినండి. నాన్న, తమ్ముడు, నేను ముగ్గురం సమాన వాటాదారులం, తలా రెండెకరాలు. నాన్న రెండెకరాలు మళ్ళీ అమ్మకు, ముగ్గురు పిల్లలకు నాలుగు భాగాలు. అంటే తమ్ముడికి రెండున్నర ఎకరాలు, నాకు రెండున్నర ఎకరాలు, అమ్మకు యాభై సెంట్లు, అప్పకు యాభై సెంట్లు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే మడిలో ఆకు తీసి, ఒకే కళ్ళంలో ఆడుకున్న ఇద్దరు ఆడపిల్లలకు ఐదింతల తేడా. కారణం ఒక్కటే, అప్ప ముహూర్తం నాలుగు నెలలు ముందు కుదిరింది.

ఆ తేడా మా ఇంట్లో ఎప్పుడూ కనపడలేదు. ఎందుకంటే 1997లో అప్పా నేనూ ఇద్దరం హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టేశాం. ఎవరూ బలవంతం చేయలేదు. తమ్ముడు చెడ్డవాడు కాదు, ఇవాళ్టికీ కాదు. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని ఇడ్లీలు తిని, పొద్దున పదకొండింటికి సంతకాలు పెట్టి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి భోజనాలు చేశాం. అప్పటికి నేను కొన్నేళ్ళుగా ప్రాక్టీసులో ఉన్నదాన్ని. ఆ ముసాయిదా దిద్దింది నేనే. ఇందులో అప్పకు ఎంత వస్తుందో, నాకెంత వస్తుందో లెక్క కట్టి అప్పకు చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అమ్మ ఒక్కతే సంతకం పెట్టనంది. “నేనుండగా నా పేరొకటి ఉండనీరా, ఎక్కడికీ పట్టుకుపోనులే” అంది తమ్ముడితో. అప్పుడు అందరం నవ్వాం.

ఆరేళ్ళ తరవాత అప్ప భర్త పోయాడు. అత్తవారింట చోటు చాలక, కొడుకుని తీసుకుని కన్నోరింటికి వచ్చేసింది. తమ్ముడు వెనక వసారా బాగు చేయించి ఉంచాడు. తిండికి లోటు లేదు. పిల్లాడి ఫీజుకి, జ్వరం మాత్రకి, విశాఖ ఆసుపత్రికి వెళ్ళడానికి బస్సు చార్జీకి, ప్రతిదానికీ అడగాలి. ఒకసారి నేను ఉండబట్టలేక, ఆ కాగితం రాయకపోయి ఉంటే నీకూ పొలం ఉండేది అప్పా, అన్నాను. “ఏటే సెల్లీ అలాగంటావు. పొలం అడిగితే మరి కన్నోరింటికి ఏ మొగం పెట్టుకుని ఒచ్చుదును?” అంది.

నా ఇన్నేళ్ళ వృత్తిలో ఈ ఒక్క వాక్యాన్ని ఎన్ని నోళ్ళ విన్నానో లెక్క లేదు. నరసన్నపేట రైతు కూతురు, చీపురుపల్లి టీచరమ్మ, గజపతినగరం దగ్గర జనపనార నానబెట్టే మనిషి, పలాసలో జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడిన తల్లి, అందరిదీ ఇదే మాట. చట్టం తెలియక వదులుకున్నారని మనం సదస్సుల్లో చెప్పుకుంటాం. తెలియనివాళ్ళు ఉన్నారు, నిజమే. తెలిసినవాళ్ళు కూడా వదులుకుంటున్నారు, నాలాగా. పొలం ఇచ్చి గడప కొనుక్కుంటున్నారు. సంక్రాంతికి చీర, పురుడుకి చోటు, మొగుడు కొడితే ఒక రాత్రి తలదాచుకోవడానికి తెరిచి ఉండే తలుపు, వీటన్నిటి వెల ఆ సంతకం. చూస్తే అది పిచ్చి బేరం కాదు. వేరే ఆసరా లేని మనిషి చేసే తెలివైన బేరమే. ఆ బేరం ఆడవలసిన చోట ఆడపిల్లను నిలబెట్టడమే అన్యాయం.

అందుచేత నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. మన చట్టం కూతురికి హక్కు ఇచ్చింది గాని, అడిగే పని కూడా ఆమెకే అప్పగించింది. కొడుకు అడగక్కర్లేదు, వాడి పేరు దానంతట అదే ఎక్కుతుంది. కూతురు అడగాలి. అడిగిందంటే తగవు పెట్టింది అంటారు. ఇకముందు రావలసిన సంస్కరణ ఆ అడగడాన్ని తీసెయ్యాలి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు మొదట అనే మాట, పెళ్ళికి ఇచ్చాం కదా అని. గురజాడ కాలంలో పిల్ల తండ్రి శుల్కం పుచ్చుకున్నాడు, మన కాలంలో పిల్లాడి తండ్రి కట్నం పుచ్చుకుంటున్నాడు. రెండు కాలాల్లోనూ డబ్బు ఆడపిల్ల చేతికి రాలేదు. నా దగ్గరకు వచ్చిన ఏ కేసులోనూ కట్నం సొమ్ము భార్య పేరున బ్యాంకులో ఉండగా చూసిన గుర్తు లేదు. ఆడపడుచు పెళ్ళికో, అప్పుకో, ఆటోకో అయిపోతుంది. ఇంకో సంగతి. కట్నం ఇవ్వడం పుచ్చుకోవడం 1961 నుంచీ నేరం. చేసిన నేరాన్ని వాటా చెల్లింపు కింద జమ కట్టుకోమని అడగడం ఏ న్యాయమో నాకు తెలియదు. మన పాతవాళ్ళకు ఇంతకన్నా మంచి పద్ధతి ఉండేది, పసుపు కుంకుమ కింద పిల్ల పేరున కొంత మడి రాసేవారు. రాసినచోట అది నిలిచింది. నోటిమాటగా ఇచ్చినచోట తండ్రి పోగానే అన్నదమ్ముల మడిలో కలిసిపోయింది. ఇక్కడా తేడా తెచ్చింది కాగితమే.

రెండో మాట, అన్నాచెల్లెళ్ళ మధ్య ప్రేమ పోతుందని. ఈ మాట మాత్రం నేను తేలిగ్గా తీసెయ్యను. మన విజయనగరం కొలిచే పైడితల్లి ఈ రాజవంశం ఆడపడుచు అని ఐతిహ్యం. బొబ్బిలి యుద్ధంలో అన్నకు జరగబోయే కీడు ముందే తెలిసి తల్లడిల్లిన చెల్లెలు. సిరిమాను నాడు కోట ముందు లక్షల జనం దణ్ణం పెట్టేది ఒక ఇంటి ఆడబిడ్డకు. అలాంటి నేల మీద అన్నాచెల్లెళ్ళ ప్రేమ అరెకరం దగ్గర విరిగిపోతుందని నేను నమ్మలేను. ఇద్దరు అన్నదమ్ములు పొలం పంచుకుని, మధ్యన గట్టు వేసుకుని, అదే గట్టు మీద కూర్చుని అంబలి తాగుతున్నారు కదా. అన్నదమ్ముల మధ్య పోని ప్రేమ అక్క దగ్గరే ఎందుకు పోవాలి? అడగవలసి రావడం వల్ల పోతోంది. రికార్డులో పేరు దానంతట అదే పడితే ఎవరూ ఎవరినీ అడగరు. పడాల్సిన మాటలు కూడా ఉండవు.

చరిత్రలోకి ఎక్కువ దూరం వెళ్ళను గాని, ఒక మాట చెప్పాలి. ‘మనోవర్తి’ అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. భర్త పోయిన మనిషికి బతికినన్నాళ్ళు తినమని మెట్టినింటివాళ్ళు విడిచిపెట్టే భూమి, లేదా గింజలు. అమ్ముకోకూడదు, పోయాక మళ్ళీ మగవాళ్ళకే. 1937లో వచ్చిన చట్టం కూడా వితంతువుకు ఆ బతికినన్నాళ్ళ హక్కే ఇచ్చింది. అంబేడ్కర్ గారు హిందూ కోడ్ బిల్లులో దీన్ని సరిచెయ్యబోయి, బిల్లు ఆగిపోతే 1951లో మంత్రి పదవి వదిలి వచ్చేశారు. ఆయన రాసిన దానిలో కొంత 1956 చట్టంగా వచ్చింది. అందులో 14వ సెక్షన్ ఆడమనిషి స్వాధీనంలో ఉన్న ఆస్తి ఆమెకు పూర్తి సొంతం అన్నది. సరే, మనోవర్తి కింద రాజీ పత్రంలో ఇచ్చిన భూమికి కూడా ఇది వర్తిస్తుందా? ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది మన ఆంధ్ర ఆడబిడ్డే, తులశమ్మ. భర్త పోయాక మరిదితో తగవు, 1949లో రాజీ, బతికినన్నాళ్ళు తిను అమ్మకు అన్న షరతు. 1977లో సుప్రీంకోర్టు ఆ భూమి ఆమెదే, అమ్ముకునే హక్కు కూడా ఆమెదే అని తీర్పు చెప్పింది. నేను లా చదివేటప్పుడు పాఠ్యపుస్తకాల్లో తెలుగు ఆడవాళ్ళ పేర్లు ఎన్నో కనపడలేదు. ఆ పేరు చూసిన రోజు నాకింకా గుర్తు. దేశంలో ఏ మూల వితంతువు భూమి తగవు వచ్చినా ఇవాళ్టికీ వకీళ్ళు తులశమ్మ కేసు అంటారు.

2005 తరువాత కూడా పదిహేనేళ్ళు ఒక అయోమయం నడిచింది. సవరణ వచ్చిన నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కని 2015లో ఒక తీర్పు, అక్కర్లేదన్నట్టు 2018లో ఇంకొకటి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలూ, అప్పటికే చెల్లిపోయిన అమ్మకాలూ కదలవు. నోటిమాట పంపకాలను ఊరికే నమ్మడానికి వీల్లేదు. మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత పంపకాల్లో చాలా భాగం నోటిమాటవే కనుక ఆ తీర్పు మనకు మిగతావాళ్ళకన్నా ఎక్కువ పని చెయ్యాలి. మా ఇంటి కాగితం 1997లోనే రిజిస్టరయింది, కాబట్టి మాకు పని చెయ్యలేదు. ఆ కాగితమే లేకపోతే అప్ప వాటా యాభై సెంట్లు కాదు, ఎకరం ఎనభై ఏడున్నర సెంట్లు అయ్యేది. ఈ లెక్క నేను తీర్పు వచ్చిన రాత్రి కట్టాను. అప్పకు చెప్పలేదు.

ఇక అసలు చోటికి వస్తాను. కూతురి వాటా పోయేది కోర్టులో కాదు. తహసీల్దారు ఆఫీసులో, అదీ తండ్రి పోయిన మొదటి సంవత్సరంలో.

మన రెండు జిల్లాలూ దాదాపు అంతా జమీందారీ నేల. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, కురుపాం, మందస, ఇలా. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. అది పెద్ద విముక్తి. కానీ ఆ పట్టా ఇంటికొక పేరున వచ్చింది, ఆ పేరు ఇంటి పెద్దది, ఇంటి పెద్ద అంటే మగవాడు. ఆ పేరు నుంచే ఇవాళ్టి అడంగల్, 1బి, పాసుపుస్తకం దాకా వచ్చాం. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం వారసత్వంగా హక్కు వచ్చినవాళ్ళు 90 రోజుల్లో తహసీల్దారుకు తెలియజెయ్యాలి. తెలియజేసేది ఎవరు? ఊళ్ళో ఉన్న కొడుకు. పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురు పన్నెండో రోజు భోజనాలయ్యాక అత్తవారి ఊరు బస్సెక్కేస్తుంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం కొడుకు అర్జీ పెడతాడు. కొన్నిచోట్ల అందులో కూతుళ్ళ పేర్లే ఉండవు. ఉన్నచోట, మాకు అభ్యంతరం లేదని వాళ్ళ సంతకాలతో ఒక అఫిడవిట్ జతపడుతుంది. నోటీసు గోడ మీద అంటిస్తారు. ఆ గోడ ఆమె ఉండే ఊళ్ళో ఉండదు. కొడుకు పేరు ఎక్కుతుంది. పదేళ్ళ తరువాత ఆమె వచ్చి అడిగితే, వెలివేసిన సంగతి తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ళలో దావా వెయ్యాలన్న గడువు తరుముతూ ఉంటుంది. దావా వేద్దామంటే కోర్టు రుసుం. నేనూ ఉమ్మడి స్వాధీనంలో ఉన్నాను అని చెప్పగలిగిన వాదికి నామమాత్రపు రుసుం. నన్ను బయటికి తోసేశారు అని నిజం చెప్పిన ఆడపిల్లకు భూమి విలువను బట్టి రుసుం. అన్యాయం ఎక్కువ జరిగిన మనిషి ఎక్కువ కట్టాలి. ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెప్తోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే వకీలును పెడతారు, రుసుం భారం కూడా తప్పుతుంది. ఇక్కడున్న డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క ముక్క మీ మీ ఊళ్ళకు మోసుకెళ్ళండి.

పేరు లేకపోతే ఏమవుతుందని అడిగే పెద్దమనుషులకు మన ఊళ్ళు చూపిస్తాను. ఒకప్పుడు మన మగవాళ్ళు రంగూన్ పోయారు. ఇప్పుడు హైదరాబాదు, చెన్నై, విశాఖ పోతున్నారు, అపార్ట్‌మెంట్లు కట్టడానికి. ఊళ్ళో దమ్ము పట్టించేది, నాట్లు వేయించేది, కోతలు కోయించేది, మిల్లుకు తోలించేది ఆడమనిషి. పంట రుణానికి సంతకం మాత్రం ఊళ్ళో లేని మనిషిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయిన వారం నేను వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళాను. పడిపోయిన చెట్ల లెక్క రాయించుకోవడానికి ఆడవాళ్ళే నిలబడ్డారు. రాసుకునేవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది? భర్త పోయి, మామగారి పేరు ఇంకా మారని ఒక అమ్మాయి పక్కకు జరిగి నిలబడిపోయింది. ఆ చెట్లకు నీళ్ళు పోసింది ఆమె. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పేరున ఉన్న కమతాలు 13.96 శాతం. మన రాష్ట్రం ఆ సగటుకన్నా చాలా ముందుంది. ముందున్న రాష్ట్రంలోనే ఆ అమ్మాయి పక్కకు జరిగింది.

ఇదే నేల మీద ఇంకో దృశ్యమూ చూశాను. 2000లో పేదరిక నిర్మూలనకు ‘వెలుగు’ పథకం మొదలైనప్పుడు మొదటి విడత ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అందులో పేద ఆడవాళ్ళ పేరున భూమి కొనిపెట్టే ఏర్పాటు ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టంలో పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలని ఉంది. ఇళ్ళ స్థలాల పట్టాలు ఏళ్ళుగా ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నారు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా దీన్ని మార్చలేదు. ఇక్కడ ఎవరింట్లోనూ ప్రేమలు పోలేదు. మొగుళ్ళు అలగలేదు, అన్నలు రాకపోకలు మానలేదు. ఎందుకంటే ఆమె అడగలేదు. సర్కారే రాసింది.

ఆ రాసే చెయ్యిని వారసత్వం దాకా తీసుకురండి అన్నదే నా మనవి. మరణం 21 రోజుల్లో నమోదు కావాలని చట్టం ఉంది. పట్టాదారు మరణం నమోదైన వెంటనే, ఎవరూ అర్జీ పెట్టకుండానే, కొడుకులు, కూతుళ్ళు, భార్య, తల్లి అందరి పేర్లూ వాటాలతో సహా 1బిలో ఎక్కాలి. తరువాత ఎవరు ఎవరికి ఇచ్చుకుంటారో వాళ్ళ ఇష్టం. ఆ ఇచ్చుకోవడం కూడా మరణం జరిగిన ఏడాది లోపు చెల్లకూడదు. శోకంలో ఉన్న మనిషి చేత కాగితం రాయించుకోవడం ఏమిటి? ఏడాది తరువాత రాసినా, రిజిస్ట్రారు ఆమెను విడిగా కూర్చోబెట్టి, నువ్వు వదులుకుంటున్నది ఇన్ని సెంట్లు, దాని విలువ ఇంత, అని తెలుగులో చదివి వినిపించాలి. 1997లో నాకు గాని, మా అప్పకు గాని ఎవరైనా ఆ అంకె పైకి చదివి వినిపించి ఉంటే ఏం చేసేవాళ్ళమో నాకు తెలియదు. సంతకం పెట్టేవాళ్ళమేమో కూడా. కానీ తెలిసి పెట్టేవాళ్ళం.

వీలునామా సంగతి వేరే చెప్పాలి. కూతురికి హక్కు గట్టిపడిన కొద్దీ నా దగ్గరకు వీలునామా రాయించుకోవడానికి వచ్చే తండ్రులు ఎక్కువయ్యారు. స్వార్జితం మొత్తం, ఉమ్మడిలో తన వాటా మొత్తం కొడుక్కే రాసెయ్యడానికి 1956 చట్టం 30వ సెక్షన్ అడ్డు చెప్పదు. ముస్లిం ధర్మశాస్త్రంలో మనిషి మూడో వంతుకు మించి వీలునామా రాయలేడు. గోవాలో సగం ఆస్తిని బిడ్డలకు తప్పించడానికి వీల్లేదు. మన హిందూ చట్టంలో మాత్రం తండ్రి ఒక్క కాగితంతో కూతుర్ని పూర్తిగా తీసెయ్యవచ్చు. ముందు తలుపు తెరిచి దొడ్డిదారి మూయలేదు. దీనికి ఒక హద్దు పెట్టక తప్పదని నా గట్టి అభిప్రాయం. తోటి న్యాయవాదుల్లో చాలామంది ఒప్పుకోరు, ఆ వాదన వాళ్ళతో ఎన్నాళ్ళయినా చేస్తాను.

ఆడమనిషి పోయాక ఆమె ఆస్తి ఎవరికి అన్నదాంట్లోనూ పెద్ద తప్పు ఉంది. పిల్లలు, భర్త లేని హిందూ స్త్రీ సొంతంగా సంపాదించింది, వీలునామా లేకపోతే, అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకు పోతుంది. ఉత్తరాదిలో ఒకామెకు 1955లో పెళ్ళయింది. మూడు నెలలకే పాము కరిచి భర్త పోయాడు. అత్తవారు వెళ్ళగొట్టారు. కన్నవాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, సంపాదించింది, 1996లో పోయింది. నలభై ఏళ్ళు ఆమె ముఖం చూడని మెట్టినింటివాళ్ళకే ఆ సంపాదన చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది, చట్టం అలా ఉంది కనుక. దీన్ని మార్చమని లా కమిషన్ 207వ నివేదికలో 2008లోనే సిఫారసు చేసింది. ఇంకా మారలేదు. అందాకా ఉద్యోగం చేసుకునే ప్రతి ఆడపిల్లకూ నేను చెప్పేది, తెల్లకాగితం మీదయినా సరే వీలునామా రాసుకుని ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించుకో అమ్మా అని.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల మీద ఈ చట్టం అసలు లేనే లేదు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప. సవర, జాతాపు ఆడవాళ్ళు కొండపోడు చేస్తారు, చింతపండు, కొండచీపుర్లు సంతకు మోస్తారు, వారసత్వానికి మాత్రం ఆచారం ఏదంటే అది. గిరిజన స్త్రీలకు సమాన హక్కు ఇచ్చేలా చట్టం మార్చే సంగతి చూడమని 2022లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జూలై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చెయ్యనప్పుడు సమానత్వమే నియమం అని తీర్పిచ్చింది. ఇక్కడ మైదానం నుంచి వెళ్ళి హిందూ చట్టం వాళ్ళ నెత్తిన రుద్దడం నాకూ ఇష్టం లేదు. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ గోడలా నిలబడింది, ఆ గోడకు బీట పడకూడదు. ఆ గోడ లోపల చెల్లెలికి వాటా ఇవ్వడానికి ఆ గోడ అడ్డమేమీ కాదు. దాని రూపం ఏమిటో ఆ ఊళ్ళ ఆడవాళ్ళనే కూర్చోబెట్టి రాయించాలి.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. అందరం నవ్విన ఆ యాభై సెంట్లు ఇరవై రెండేళ్ళు ఆమె పేరునే ఉన్నాయి. పండిన గింజలు తమ్ముడే తెచ్చి ఇంట్లో పోసేవాడు, అమ్మ ఎప్పుడూ లెక్క అడగలేదు. 2019లో పోయింది. తమ్ముడు కాగితాలు పట్టుకుని వచ్చి, ఎప్పటిలాగే, ముసాయిదా చూడమన్నాడు. ఈసారి ముగ్గురి పేర్లతో అర్జీ రాశాను. వాడు చదివి కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అప్పకి చెప్పావా?” అన్నాడు. తలా పదహారు సెంట్ల చిల్లర వచ్చింది. నాది అప్పకు రాసిచ్చాను. అప్ప పేరున ముప్ఫై మూడు సెంట్లు, ఒక పాసుపుస్తకం. అరవై దాటిన మనిషి ఫోటో స్టూడియోకి వెళ్ళి పాసుపుస్తకం కోసం ఫోటో దిగింది.

ఆ ఏడు తన ముక్కలో తనే దగ్గరుండి నాట్లు వేయించింది. సంక్రాంతికి కొత్త బియ్యం దంపించి, అరిసెలు వండి, ఒక బస్తా బియ్యం తమ్ముడి ఇంట్లో దింపించింది. అదే ఇల్లు, వెనక వసారా నుంచి ముందు గదికి మోయించింది. మరదలు, ఎందుకు వదినా ఇదంతా, అంది. “కన్నోరింటికి సారె” అంది అప్ప.